కంట్రీ బాణీలో తెలుగు విరహ గీతం: మూడు లెక్కలో మాటలు కూర్చోవడం లేదు

పెన్నగట్టు, నెల్లూరు:

అందరికీ నమస్కారం. అమెరికా కంట్రీ సంగీతంలో ఎడబాటు మీద వచ్చే నెమ్మది పాటలు ఉంటాయి గదా. ఒక గిటారు, ఒక గొంతు, వెనక సన్నగా ఏడ్చే స్టీల్ గిటారు. ఆ పద్ధతిలో తెలుగులో ఒక పాట కట్టే పనిలో ఉన్నా. అక్కడి పాటకి అనువాదం వద్దు, మన పక్క మనుషుల పాటే కావాలి. కథ చిన్నది: భార్య రైలెక్కి వెళ్లిపోయింది, మొగుడు ఊళ్లోనే ఉండిపోయాడు.

మొదటి రెండు వరసలు ఇవి:

వెన్నెలంతా కురిసిపోయెను
కన్నులందున నీరు నిండెను

వాల్ట్జ్ లాగా ఒకటి-రెండు-మూడు కొడతా పాడితే వరస సగానికే మాట దెబ్బ మీద నుంచి జారిపోతా ఉంది. రెండో వరసకి వచ్చేసరికి గిటారు ఒక దారి, గొంతు ఒక దారి. ఈ మైనర్ (E minor) తీగకట్టుతో, అంటే కార్డుతో మొదలుపెడితే సినిమా విషాద గీతం అయిపోతా ఉంది గానీ కంట్రీ రంగు రావడం లేదు. స్టీల్ గిటారు మన దగ్గర దొరికే వస్తువు కాదు. ఆ ఏడుపు మామూలు గిటారు మీద ఎట్టా తెప్పించాలి?

నా దగ్గర ఉన్నవి: ఉక్కు తీగల అకూస్టిక్ గిటారు (12 గేజ్, అంటే కాస్త లావు తీగల సెట్టు), కేపో (మెడకి బిగించి శ్రుతి పెంచే పట్టీ), ఒక ఫోను. మాటలు, తీగకట్లు, రికార్డింగు, దేని మీద తెలిసినవాళ్లు దాని మీద చెప్పండి.

శ్రుతిపెట్టె, కావలి:

తేడా మీ గొంతులో లేదు, ఆ వరసల నడకలో ఉంది. వేళ్ల మీద మాత్రలు లెక్కేయండి. పొట్టి అక్షరానికి 1. దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం, వీటికి 2. వెన్నె 3, లంతా 4, కురిసి 3, పోయెను 4. మొత్తం 14. ఇది గురజాడ ముత్యాల సరం నడక, 3+4. తెలుగులో పాట రాయాలని కూర్చుంటే చెయ్యి తనంతట తనే ఆ నడకలోకి పోతుంది, అంతగా చెవిలో నాటుకుపోయింది. వాల్ట్జ్‌కి మాత్రం అది పనికిరాదు. దెబ్బకి ఒక మాత్ర చొప్పున పాడితే మొదటి ఆవర్తంలో (మూడు దెబ్బల చుట్టు ఒక ఆవర్తం) "వెన్నె" సరిపోతుంది, రెండో ఆవర్తంలో "లంతా" పట్టక ఒక మాత్ర మూడో ఆవర్తంలోకి ఒలుకుతుంది. దాంతో "కురిసి" మొదటి దెబ్బ మీద పడాల్సింది రెండో దెబ్బ మీద పడుతుంది. 14 మాత్రలు అంటే నాలుగు ఆవర్తాలు దాటి ఇంకో రెండు దెబ్బలు. రెండో వరసకి గిటారూ గొంతూ విడిపోయేది అందుకే.

మూడు లెక్కకి మూడు మాత్రల గణాలు కావాలి. మన పాత లక్షణంలో సూర్యగణాలు అంటారే, అవే: గురువు-లఘువు (మాట, రైలు, పొద్దు), లేదా మూడు లఘువులు (తలుపు, గడిచి). నాలుగు సూర్యగణాలు ఒక పాదంగా నడిచే హయప్రచార రగడ అచ్చంగా 12 మాత్రలే. లఘువు-గురువు (పదా, ఇలా, సరే లాంటివి) కూడా 3 మాత్రలే గానీ వద్దు. బలమైన మొదటి దెబ్బ మీద పొట్టి అక్షరం, బలహీనమైన రెండో దెబ్బ మీద దీర్ఘం పడి కుంటుతుంది. ఒకటీ అరా పాడి నెట్టుకురావచ్చు, వరసకి రెండు పడితే వాల్ట్జ్ చచ్చిపోతుంది.

ఇక మాటల సంగతి. వెన్నెల, కన్నీరు అనేవి ఏ పాటలో పెట్టినా ఇమిడిపోతాయి, అందుకే ఏ పాటనీ నిలబెట్టవు. కంట్రీ విరహ గీతంలో పాడేవాడు "నాకు బాధగా ఉంది" అని ప్రకటించడు. ఇంట్లో ఒక వస్తువుని చూపించి ఊరుకుంటాడు, బాధ వినేవాడికి తగులుతుంది. వరసలు 12 మాత్రలు ఒకటి, 9 మాత్రలు ఒకటి చొప్పున మార్చి మార్చి పెట్టండి. 9 మాత్రల వరస తర్వాత ఒక ఆవర్తం ఖాళీగా మిగులుతుంది, గిటారు బదులిచ్చేది అక్కడే. మీ కథకే ఒక చరణం కడుతున్నా, నచ్చితే వాడుకోండి:

గేటు దగ్గరెవరు లేరు
మాట చెప్పలేదు
పూట గడిచి పొద్దు వాలె
పీట మీద పళ్లెం

గేటు / దగ్గ / రెవరు / లేరు: నాలుగూ మూడేసి మాత్రలు, ప్రతి ఆవర్తం మొదటి దెబ్బ మీద కొత్త గణం మొదలవుతుంది. "మాట / చెప్ప / లేదు" 9, తర్వాత ఒక ఆవర్తం గిటారుది. "పళ్లెం" దగ్గర ఒక మాత్ర ఎక్కువే. అయినా అది వరస చివర, సున్నాతో మూతపడే అక్షరం, పెదవులు మూసి ఎంతసేపైనా లాగొచ్చు.

ఇందులో అంత్యప్రాస కావాలని వదిలేశాను. తెలుగులో వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి చివర ప్రాస కలపడం మహా తేలిక: పోయెను, నిండెను, వచ్చెను, ఏడ్చెను. తేలిగ్గా వచ్చేది చెవికి త్వరగా మొహం మొత్తుతుంది. దాని బదులు రెండో అక్షరం ప్రాస పెట్టాను: గేటు, మాట, పూట, పీట. నాలుగింటికీ మొదటి అక్షరం గురువే, కాబట్టి ప్రాసాక్షరం ప్రతి వరసలోనూ మూడో దెబ్బ మీదే పడుతుంది. వినేవాళ్లకి కారణం తెలియదు గానీ నాలుగు వరసలూ ఒకే ఇంటివని తెలుస్తుంది.

పల్లవి:

ఇరుగు పొరుగు అడుగుతారు
ఏమి చెప్పమంట
తలుపు తీసి ఉంచినాను
పీట తియ్యలేదు

ఇక్కడ ప్రాస కూడా వద్దు, మాట సూటిగా పోవాలి. మొదటి వరసలో లఘువులు వరసగా తోసుకొస్తాయి, పక్కింటివాళ్లు అడిగే తొందర వాటిలోనే ఉంది. పాట పేరు చివరి వరసే, "పీట తియ్యలేదు". ఈ జాతి పాటలకి పేరూ, పల్లవి చివరి మాటా ఒకటైతే జనానికి గుర్తుండిపోతుంది.

అసలు పని మూడో చరణంలో ఉంది. పల్లవి మాట ఒక్క అక్షరం మారదు, దాని అర్థం మాత్రం మారాలి. మొదటిసారి "పీట తియ్యలేదు" అంటే ఆమె వస్తుందని ఆశ. మూడో చరణం చివరి వరస "పీట మీద పాప" అని పెట్టి చూడండి. బిడ్డ ఎదిగి ఆ పీట మీద కూర్చుంది. ఆ తర్వాత అదే పల్లవి పాడితే ఇంకో పాట వినిపిస్తుంది. పాప అనే మాట ఆ వరస చివరి దాకా బయటపడకూడదు, ముందే చెబితే మలుపు పోతుంది. పై మూడు వరసలూ మీరే రాయండి.

రెండో చరణంలో కాలం గడవాలి. మన పక్క పనుల్లోంచి ఒకటి తీసుకోండి. ఒంగోలు, కందుకూరు, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) బాగా నప్పుతుంది: ఆకు ఎక్కించాక మంట సరిగ్గా ఉందో లేదో రాత్రీ పగలూ మనిషి కనిపెట్టుకుని ఉండాలి, వేడి తప్పితే రంగు పోతుంది. నిద్ర లేకపోవడానికి బయటి కారణం దొరికింది, లోపలి కారణం చెప్పనక్కరలేదు. "బ్యారన్" 4 మాత్రలు కాబట్టి వరస మధ్యలో ఇరికించకుండా చివర వెయ్యండి: "ఆరలేదు బ్యారన్". ఈ సంగీతానికి ఆ పొగాకు పరాయిది కూడా కాదు. 1927లో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగు మనిషి, తొలి తరం కంట్రీ గాయకులైన కార్టర్ కుటుంబాన్నీ, జిమ్మీ రోజర్స్‌నీ మొదటిసారి రికార్డు చేసిన బ్రిస్టల్ ఊరు వర్జీనియా, టెనెసీ రాష్ట్రాల సరిహద్దు మీద ఉంది. మన బ్యారన్లలో ఆరేదీ వర్జీనియా రకమే.

నాలుగోతీగ, గూడూరు:

శ్రుతిపెట్టె అన్న చెప్పిన దానికి ఒక చేర్పు. మీ 14 మాత్రల వరసలు పారేయక్కరలేదు, అవి నాలుగు లెక్కలో కూర్చుంటాయి. వెన్నె తర్వాత ఒక మాత్ర ఖాళీ వదిలి "లంతా" అందుకుంటే 3+1+4, అంటే 8 మాత్రలు. దెబ్బకి రెండు మాత్రల చొప్పున నాలుగు దెబ్బల ఆవర్తం ఒకటి నిండుతుంది. నిమిషానికి 70 దెబ్బల దగ్గర నెమ్మది కంట్రీ పాటగా నడుస్తుంది. అయినా ఈ కథకి వాల్ట్జే మంచిదని నా అభిప్రాయం. మూడు దెబ్బల్లో ఒక ఊపు ఉంటుంది, అది ఉయ్యాల దాకా పోతుంది, పాప వచ్చే చరణానికి అది కావాలి.

తీగకట్ల విషయం. మైనర్‌తో మొదలుపెట్టకండి. మన చెవికి విషాదం అంటే శివరంజని, చిన్న గాంధారం. కంట్రీ విషాదం ఎక్కువగా మేజర్‌లో, అంటే మన శంకరాభరణం స్వరాల్లోనే ఉంటుంది. కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ 1949లో రికార్డు చేసిన ఒంటరితనం పాట కూడా మేజరే, మూడు లెక్కే. తీగకట్లు మామూలుగా, స్థిరంగా ఉంటాయి, మాట మాత్రం విరిగిపోయి ఉంటుంది. ఆ రెంటికీ పొత్తు కుదరకపోవడంలోనే గుండె పట్టేస్తుంది. మైనర్ పెడితే తీగకట్టు ముందే ఏడ్చేసి మాటకి పని లేకుండా చేస్తుంది.

జీ ఆకారాల్లో చరణం ఇట్టా వెయ్యండి, ఆవర్తానికి ఒకటి:

జీ, జీ, సీ, జీ
జీ, జీ, డీ, డీ సెవెన్
జీ, జీ సెవెన్, సీ, జీ
జీ, డీ, జీ, జీ

పల్లవి సీతో ఎత్తుకోండి: సీ, సీ, జీ, జీ, తర్వాత ఈ మైనర్, ఈ మైనర్, డీ, డీ సెవెన్. "తలుపు తీసి" నుంచి మళ్లీ సీ, సీ, జీ, జీ, ఆఖర్న జీ, డీ, జీ, జీ. పాట మొత్తంలో మైనర్ తీగకట్టు "ఏమి చెప్పమంట" దగ్గర ఒక్కచోటే. రెండోచోట వాడితే మొదటిదాని బలం కూడా పోతుంది.

కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ ఊరి వాద్యగాళ్లు వీటిని పేర్లతో కాక అంకెలతో రాసుకుంటారు, జీ 1, సీ 4, డీ 5 అని. మీరూ అట్టానే రాసుకుంటే కేపో ఎక్కడికి మార్చినా కాగితం మార్చే పని లేదు. కేపో స్థానం గొంతుని బట్టి చూసుకోండి: పల్లవి మొదటి మాట "ఇరుగు" దగ్గర గొంతు కొంచెం బిగియాలి గానీ అరుపు కాకూడదు, చరణంలో అన్నిటికన్నా కింది స్వరం గాలిలో కలిసిపోకూడదు. ఒక్కో ఫ్రెట్టు (మెడ మీది మెట్టు) జరుపుతా రెండూ కుదిరే చోట ఆగండి.

కుడి చెయ్యి: మొదటి దెబ్బకి బొటనవేలితో ఒక్క మంద్ర తీగ, రెండు మూడు దెబ్బలకి కింది సన్నతీగల్ని వేళ్లతో తేలిగ్గా రాయడం, అంటే ఒరుసుకుంటా పోవడం. మూడు దెబ్బలకీ ఆరు తీగలూ గీకితే అది కంట్రీ కాదు. జీ మీద ఒక ఆవర్తంలో 6వ తీగ 3వ ఫ్రెట్టు, తర్వాతి ఆవర్తంలో 4వ తీగ ఖాళీగా. సీ మీద 5వ తీగ 3వ ఫ్రెట్టు, మలిసారి 4వ తీగ 2వ ఫ్రెట్టు. డీ మీద 4వ తీగ, మలిసారి 5వ తీగ, రెండూ ఖాళీవే. జీ నుంచి సీకి పోయే ముందు ఆవర్తంలో తీగలు రాయకుండా మూడు దెబ్బలకీ మంద్రంలో నడవండి: 6వ తీగ 3, 5వ తీగ ఖాళీ, 5వ తీగ 2, తర్వాతి ఆవర్తం మొదటి దెబ్బకి 5వ తీగ 3 మీద దిగండి. అంటే స, రి, గ, మ. ఈ నడక చరణానికి ఒక్కసారి చాలు, "గడిచి" కింద పెడితే మాటకి కూడా తగినట్టు ఉంటుంది. మేబెల్ కార్టర్ పద్ధతి ఈ పనికి ఇంకో మెట్టు: బొటనవేలు మంద్ర తీగల మీద పాట బాణీనే వాయిస్తుంది, మధ్యలో వేళ్లు సన్నతీగలు రాస్తాయి. ముందు మాట లేకుండా బాణీ ఒక్కటే వినిపించడానికి అది మంచి దారి.

పెన్నగట్టు, నెల్లూరు:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. గణాల లెక్క పట్టుకున్నాక గిటారు, మాట కలిసే నడుస్తున్నాయి. మూడో చరణం ఇట్టా వచ్చింది:

ఆట మాని ఇంటికొచ్చె
నోట నీదె మాట
చోటు వెతికి కూరుచుంది
పీట మీద పాప

ఇంకో మూడు అడగాలి. పాడేటప్పుడు గమకం అలవాటుగా వచ్చేస్తుంది, ఎంతవరకు ఉంచొచ్చు? స్టీల్ గిటారు ఏడుపు సంగతి ఇంకా మిగిలే ఉంది. కర్ణాటక వయొలిన్ వాయించేవాళ్లు ఊళ్లో దొరుకుతారు, వాళ్ల చేత వాయించుకోవచ్చా? చివరగా, ఫోనుతో ఇంట్లో రికార్డు చేస్తే వినదగ్గట్టు వస్తుందా?

శ్రుతిపెట్టె, కావలి:

"నోట నీదె మాట" బ్రహ్మాండంగా ఉంది. మొదటి చరణంలో "మాట చెప్పలేదు" అని పోయిన మనిషి మాట బిడ్డ నోట్లో దొరికింది. దాన్ని ముట్టుకోవద్దు. నాలుగు వరసలూ లెక్కకి సరిపోయాయి. "కూరుచుంది" జానపదంలో ఉన్న మాటే, కంగారు లేదు.

గమకం గురించి: కంపితం పూర్తిగా ఆపండి. గాంధారం మీద గొంతు ఊగిందంటే శంకరాభరణం కచేరీ అయిపోతుంది. ఉంచదగ్గది జారు. స్వరాన్ని కింది నుంచి ఎక్కి పట్టుకోవడం, రి నుంచి గ కి, ని నుంచి స కి. అది కూడా వరసకి ఒక్కచోట, బరువైన మాట మీదే. "పీట" దగ్గర జారు పెడితే "మీద" దగ్గర తిన్నగా పాడండి. ఇంకోటి గొంతు విరుపు: గుండె గొంతులోంచి సన్న గొంతులోకి ఒక్క క్షణం జారిపోయి వెనక్కి రావడం. జిమ్మీ రోజర్స్ యోడెల్ దీనికి పెద్ద రూపం, నెమ్మది పాటల్లో ఒక అక్షరానికి కుదించి వాడతారు. మీ పాటలో దానికి చోటు ఒక్కటే, చివరి పల్లవిలో "తియ్య" దగ్గర. మొదటి పల్లవిలోనే వాడేస్తే మూడో చరణం తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

లాగేటప్పుడు దీర్ఘాన్నే లాగండి. "లేదు"లో లే రెండు దెబ్బలు, దు ఒక దెబ్బ, అక్కడ ఆపెయ్యాలి. "లేదూ" అని చివర లాగితే అడుగుతున్నట్టు వినిపిస్తుంది, చెబుతున్నట్టు వినిపించదు. మధ్యలో పొట్టి అక్షరాన్ని లాగితే మాటే మారిపోతుంది, "తలుపు"లో త ని లాగి చూడండి, తెలుగు తెలిసినవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది.

ఉప్పుగాలి, కొత్తపట్నం:

రికార్డింగు సంగతి నేను చెబుతా. ముందు నిడివి తేల్చుకోండి. నిమిషానికి 96 దెబ్బలు పెట్టుకుంటే 16 ఆవర్తాల చరణం 48 దెబ్బలు, అంటే సరిగ్గా 30 సెకన్లు. మూడు చరణాలు, రెండు పల్లవులు కలిపి రెండున్నర నిమిషాలు. మొదట 8 ఆవర్తాలు, మూడో చరణం ముందు 8 ఆవర్తాలు గిటారు, ఒక్కోటి 15 సెకన్లు. మొత్తం 3 నిమిషాలు. ఇంతకు మించి పెంచొద్దు. 80కి దించితే ఊపు చచ్చి భజన అవుతుంది, 120 దాటితే డ్యాన్సు పాట అవుతుంది.

గిటారు, గొంతు విడివిడిగా తీసుకోండి. లెక్క కొట్టే క్లిక్ శబ్దం చెవిలో పెట్టుకుని ముందు గిటారు. ఇయర్‌ఫోన్ శబ్దం బయటికి పొక్కితే మైకులో టిక్కు టిక్కు పడుతుంది, దాన్ని తర్వాత తీసెయ్యలేం, కాబట్టి శబ్దం తగ్గించుకోండి. ఫోను మైకు గిటారు రంధ్రానికి ఎదురుగా పెట్టొద్దు, గుబగుబ అంటుంది. 12వ ఫ్రెట్టు వైపు చూపిస్తా ఒక అడుగు దూరంలో స్టాండు మీద ఉంచండి. బల్ల మీద పెడితే బల్ల కదిలిక కూడా ఎక్కుతుంది. గొంతుకి మూతి ముందు జానెడు దూరం, నేరుగా కాకుండా కొంచెం పక్కకి. "పీట", "పళ్లెం", "పాప" అన్నీ ప తో మొదలయ్యేవే, మైకుకి ఎదురుగా పాడితే ప్రతిచోటా గాలి దెబ్బ పడుతుంది.

వేవ్ ఫైలుగా రికార్డయ్యే యాప్ వాడండి. శబ్దం తగ్గించే సౌకర్యమూ, స్థాయిని దానంతటదే సర్దే సౌకర్యమూ రెండూ ఆపెయ్యండి. అవి ఆన్‌లో ఉంటే మీరు లాగి వదిలే చివరి అక్షరాన్ని చప్పుడు అనుకుని కోసేస్తాయి, ఈ పాటకి ప్రాణం ఆ చివరల్లోనే ఉంది. స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడితే చాలు, సున్నాని తాకితే గరగర బాగుపడదు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. గదిలో పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా తలుపు తెరిచి ఉంటే మోత తగ్గుతుంది. గచ్చు నేల, ఖాళీ గోడలు ఉన్న హాలు వద్దు.

కలిపేటప్పుడు గొంతులో 80 హెర్ట్జ్ కింద కోసెయ్యండి, గిటారులో 100 కింద కొద్దిగా తగ్గించండి. ప్రతిధ్వని చాలా కొంచెం, ఒకటిన్నర సెకను మించకుండా. విషాదం కదా అని గుహలో పాడినట్టు ప్రతిధ్వని నింపితే మనిషి దూరమైపోతాడు. ఈ పాట పక్కన పీట మీద కూర్చుని చెబుతున్నట్టు ఉండాలి.

సముద్రపు గాలికి తీగల తుప్పు మన పక్క పెద్ద బెడద. తుప్పెక్కిన తీగ మీద స్వరం మొద్దుబారుతుంది, జారు తీస్తే గరుకుగా కీచుమంటుంది. రికార్డింగుకి రెండు రోజుల ముందు కొత్త సెట్టు వెయ్యండి, అదే రోజు వేస్తే శ్రుతి నిలవదు. వాయించాక ప్రతిసారీ పొడి గుడ్డతో తీగ కింద కూడా తుడవాలి. గిటారు గోడకి వేలాడదీయకుండా పెట్టెలో సిలికా జెల్ సంచులతో ఉంచండి. తేమకి పైచెక్క ఉబ్బి తీగలు ఎత్తవుతాయి, అప్పుడు 5వ ఫ్రెట్టు దాటాక శ్రుతి తప్పుతుంది.

నాలుగోతీగ, గూడూరు:

స్టీల్ గిటారు దగ్గరికి వస్తా. అది ఎందుకు ఏడుస్తుందో తెలిస్తే వేరే వాద్యం మీద తెప్పించడం సులువు. నాష్‌విల్ పద్ధతి పెడల్ స్టీల్‌కి 10 తీగలు, ఈ నైన్త్ (E9) అనే శ్రుతి. మొదటి పెడల్ తొక్కితే 5, 10 తీగలు ఒక పూర్తి స్వరం పెరుగుతాయి, రెండో పెడల్‌కి 3, 6 తీగలు అర స్వరం. మిగతా తీగలు ఉన్నచోటే మోగుతూ ఉంటాయి. రెండూ కలిపి తొక్కితే చేతిలో బార్ కదలకుండానే 1వ తీగకట్టు 4వ తీగకట్టుగా మారిపోతుంది. ఒకటి నిలబడి ఉండగా పక్కది దాన్ని వదిలి పైకి పోవడం, ఏడుపు అంతా అందులో ఉంది. 1954లో వెబ్ పియర్స్ రికార్డులో బడ్ ఐజాక్స్ ఈ జారుని తీగలు మోగుతుండగానే వినిపించాక ఆ తర్వాత అందరూ అదే పట్టుకున్నారు.

మామూలు గిటారు మీద అదే సూత్రం: 1వ తీగని కదలనివ్వకుండా 2వ తీగని పూర్తి స్వరం వంచాలి. చిటికెన వేలు 1వ తీగ 10వ ఫ్రెట్టు మీద, ఉంగరం వేలు 2వ తీగ 10వ ఫ్రెట్టు మీద, దాని వెనక నడిమి వేలు ఆసరా. రెండూ మీటి 2వ తీగని నెమ్మదిగా పైకి తోయండి, జీ తీగకట్టు తయారవుతుంది. ఇదే ఆకారం 5వ ఫ్రెట్టు మీద డీకి, 3వ ఫ్రెట్టు మీద సీకి. ఫ్రెట్లు కేపో నుంచి లెక్కెయ్యాలి. వంచేటప్పుడు చిటికెన వేలు కింద 1వ తీగ కూడా కదిలితే రెండూ కలిసి శ్రుతి తప్పుతాయి, తొంభై పాళ్లు జరిగే పొరపాటు ఇదే. పూర్తి స్వరం చేరిందో లేదో చూడటానికి 2వ తీగ 12వ ఫ్రెట్టు విడిగా మీటి పోల్చుకోండి.

12 గేజ్ మీద ఇది వేళ్లు కోస్తుంది. 10 లేదా 11 గేజ్ సెట్టు వెయ్యండి. మార్చడం ఇష్టం లేకపోతే గిటారు మొత్తం ఒక పూర్తి స్వరం దించి 2వ ఫ్రెట్టులో కేపో పెట్టండి. శ్రుతి మామూలుదే, బిగువు తగ్గుతుంది. పిక్‌తో రంధ్రం దగ్గర కొట్టకుండా మెడ చివర మెత్తగా మీటితే స్టీల్ రంగుకి ఇంకొంచెం దగ్గరవుతుంది.

రెండో గిటారు దొరికితే స్లైడు. 6వ తీగ ఈ నుంచి డీకి, 5వది ఏ నుంచి జీకి, 1వది ఈ నుంచి డీకి దించండి, మధ్య మూడూ అట్టానే ఉంటాయి. ఖాళీ తీగలే జీ అయిపోతాయి, 5వ ఫ్రెట్టు సీ, 7వ ఫ్రెట్టు డీ, 12 మళ్లీ జీ. గాజు లేదా ఉక్కు గొట్టం సరిగ్గా ఫ్రెట్టు లోహం మీదే ఆగాలి. మామూలుగా వేలు పెట్టే చోట, అంటే రెండు ఫ్రెట్ల మధ్య ఆపితే శ్రుతి తగ్గుతుంది. గొట్టం వెనక ఉన్న వేళ్లు తీగల మీద తేలిగ్గా ఆన్చకపోతే వెనక నుంచి పిల్ల శబ్దాలు వస్తాయి. తీగలు మరీ కిందికి ఉంటే గొట్టం ఫ్రెట్లకి తగిలి టకటకమంటుంది. నట్ దగ్గర తీగల్ని ఎత్తే లోహపు ముక్క అమ్ముతారు, దాంతో సరిపోతుంది. గిటారు ఒళ్లో పడుకోబెట్టి వాయించాలి అప్పుడు.

వయొలిన్ మాట: తప్పకుండా వాయించుకోండి, మన జిల్లాలో అది మంచి దారి. ఆయన్ని అయిదు శ్రుతికి కట్టమనండి, అది మన జీ. సా-పా-సా-పా వరస జీ-డీ-జీ-డీ అవుతుంది. కంట్రీ ఫిడేలు జీ-డీ-ఏ-ఈ, కింది రెండు తీగలు ఒకటే. మీరు కేపో పెడితే ఆ మేరకు ఆయన శ్రుతీ పెంచాలి, 2వ ఫ్రెట్టులో ఉంటే ఆరు శ్రుతి. ఆయనకి చెప్పాల్సినవి రెండే: కంపితం లేకుండా తిన్నని స్వరం, ఎప్పుడూ రెండు తీగలు కలిపి కమాను. ఒక తీగ సా మీద నిలబడితే పక్క తీగ మీద రి నుంచి గ కి జారు. పెడల్ స్టీల్ చేసేదే అది.

ఏ వాద్యమైనా గొంతు పాడుతుండగా దూరకూడదు. చరణంలో చోట్లు రెండే, 8వ ఆవర్తం, 16వ ఆవర్తం. 8వ దాంట్లో డీ మీద ప్రశ్నలాగా పైకి పోయి ఆగాలి, 16వ దాంట్లో జీ మీదికి దిగాలి. మూడో చరణం 16వ ఆవర్తంలో మాత్రం ఏమీ వాయించొద్దని ఇద్దరూ ముందే అనుకోండి, గిటారు మొదటి దెబ్బ మంద్ర తీగ ఒక్కటి మోగితే చాలు. "పాప" అన్నాక వెంటనే పల్లవి రావాలి.